బకెట్‌లో ఏం కలిపారు?

ఆ రోజు మంగళవారం. ఉదయం ఏడున్నరకు పాల ప్యాకెట్ల కోసం తలుపు తీశాను. వరండా అంతా తెల్లటి నీళ్లు. ముక్కులో కారం కొట్టినట్టయింది. కళ్లు మండాయి, గొంతు బిగిసింది. తలుపు మూసి వంటింటి కిటికీ దగ్గరకు చేరేలోగా దగ్గు పట్టుకుంది. మధ్యాహ్నానికి తగ్గుతుందిలే అనుకున్నాను. ఏడు నెలలు తగ్గలేదు.

మాది దూలపల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేం ఉండేది మూడో అంతస్తులో. నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మా ఆయన సుధాకర్ మేడ్చల్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాడు. అంతకు ముందు నాకు ఆస్తమా లేదు, ఏ అలర్జీ లేదు. మిరపకాయలు వేయించినా తుమ్మని మనిషిని.

మంగళవారం తర్వాత లోకంలో వాసన లేని చోటు లేదని తెలిసింది. లిఫ్టులో ఫ్రెషనర్, ఆఫీసు బాత్రూంలో ఫినాయిల్, పక్క సీటు అమ్మాయి సెంటు. ఏది తగిలినా ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టు ఉండేది. ఆదివారం చర్చిలో ముందు వరస నాది. ఇప్పుడు చెప్పులు విడిచే చోట రేకుల కింద కుర్చీ వేసుకుని వాక్యం వినడం మొదలుపెట్టాను. సంఘంలో ఒకామె వచ్చి భుజం తట్టి, "విశ్వాసం గట్టిగుంటే గీ దగ్గు నిలవదు అక్కా" అన్నది. ఆమె చీరకు కొట్టుకున్న సెంటుకే నాకు మళ్లీ దగ్గొచ్చింది.

మొదటి డాక్టర్ ఎక్స్‌రే, ఈసీజీ, రక్త పరీక్షలు రాశాడు. అన్నీ వచ్చాక కాగితాల మీంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆల్ నార్మల్. వయసు యాభై రెండా? మెనోపాజ్‌లో ఇట్లాంటివి మామూలే."

"వాసన తగిలినప్పుడే వస్తోంది డాక్టర్."

"ఇంట్లో టెన్షన్లు ఏమైనా ఉన్నాయా? యాంగ్జైటీకి ఒక ట్యాబ్లెట్ రాస్తున్నా. రాత్రి పూట వేసుకోండి."

మూడు వారాలు వేసుకున్నాను. నిద్రలో కూడా దగ్గాను.

ఇక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాశాను. నేను చేసిన మొదటి తప్పు అదే. "మూడో అంతస్తు కడిగే ఆమె ఇష్టం వచ్చినట్టు రసాయనాలు పోస్తోంది. నాకు ఊపిరి ఆడటం లేదు. దయచేసి చూడండి" అని. డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు నేనే చెబుతాను, ముందు సంఘటన చోటుకు వెళ్లు, అక్కడున్న మనిషిని అడుగు అని. మా గడప ముందు పనిచేసే మనిషిని నేను ఒక్క మాట అడగలేదు. నేరుగా ఫిర్యాదు రాశాను.

గ్రూపులో జవాబులు చకచకా వచ్చాయి. "మేడంకు వాసన పడదట, శామీర్‌పేట చెరువు కాడ గుడిసె వేసుకోమనండి" అని ఒకరు. నవ్వు బొమ్మలు పదకొండు. "కరోనాలో ఇదే ఫినాయిల్ మనల్ని కాపాడింది" అని మరొకరు. సెక్రటరీ గారు కోనసీమ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన మరునాడు మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"చూడండి మేడం గారూ, అరవై ఫ్లాట్లండి ఇది. మీ ఒక్కరి ముక్కు కోసం అరవై ఇళ్లు మురికిలో ఉండాలాండీ?"

"మురికిలో ఉండమనలేదు. నీళ్లతో కడిగించండి అంటున్నాను."

"నీళ్లతో కడిగితే కడిగారని ఎలా తెలుస్తుందండీ?"

ఆ మాట విని నవ్వొచ్చింది. నవ్వాల్సింది కాదు, రాసుకోవాల్సింది. ఆయన రోజూ ఎనిమిదింటికి వాకింగ్ నుంచి వస్తూ ఐదంతస్తులూ మెట్ల మీదుగా ఎక్కి, ఒక్కో వరండాలో నిలబడి గాలి పీలుస్తారు. ఘాటు తగిలితే కడిగినట్టు, తగలకపోతే కడగనట్టు. మా దగ్గర శుభ్రతకు కొలత అదే.

కడిగే ఆమెను ఇక్కడ యాదమ్మ అంటాను, అసలు పేరు వేరు. నా ఫిర్యాదు తర్వాత ఆమె నన్ను చూసి పలకరించడం మానేసింది. బకెట్ చప్పుడు మాత్రం పెరిగింది.

దసరాకు ముందు కమిటీ అన్ని అంతస్తులూ "డీప్ క్లీనింగ్" చేయించింది. ఏ రోజో ఎవరూ చెప్పలేదు. ఆఫీసుకని తలుపు తీసి పది అడుగులు వేశాను. పదకొండో అడుగు గుర్తు లేదు. సుధాకర్ నన్ను లిఫ్టులో కాకుండా మెట్ల మీదుగా ఎత్తుకుని దించాడట. కొంపల్లి వైపు ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీలో ఆక్సిజన్, నెబ్యులైజేషన్ పెట్టారు. మూడు రోజులు ఉంచారు. గ్రూపులో ఒకరు "గెట్ వెల్ సూన్" పెట్టారు. దాని కింద సెక్రటరీ గారు మెరుస్తున్న వరండా ఫోటోలు పెట్టారు.

అక్కడి పల్మనాలజిస్టు చిన్నవయసు అమ్మాయి. ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ చేయించింది, మందు పీల్పించి మళ్లీ చేయించింది. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"ఇది యాంగ్జైటీ కాదమ్మా. రియాక్టివ్ ఎయిర్‌వేస్ అంటాం. ఒక్కసారి ఘాటైన గ్యాస్ బాగా పీలిస్తే శ్వాసనాళాలు దెబ్బతిని, తర్వాత చిన్న వాసనకు కూడా మూసుకుపోతాయి. మొదటిరోజు ఏం పీల్చారు?"

"ఫినాయిల్ అనుకుంటా."

"అనుకుంటే కుదరదు. ఫినాయిల్‌తో ఇంత అవ్వడం నేను చూడలేదు. ఆ బకెట్‌లో ఏం కలిపారో కనుక్కోండి. అది ఆపకుండా నేను ఎన్ని ఇన్‌హేలర్లు రాసినా దండగ."

ఐదు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇద్దరు డాక్టర్లను, ఒక కమిటీని, అరవై ఇళ్ల గ్రూపును అడిగినదాన్ని, ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషిని అడగలేదు.

డిశ్చార్జయిన నాలుగో రోజు, పని అయిపోయాక జనరేటర్ షెడ్డు వెనక యాదమ్మ సద్ది తింటుంటే వెళ్లాను. మాస్కు పెట్టుకుని రెండు గజాల దూరంలో నిలబడ్డాను.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా అమ్మా?" అన్నది. తల ఎత్తలేదు.

"తప్పు నాదే యాదమ్మా. అడగకుండ రాసిన."

"రాసినవ్ గదా. సూపర్‌వైజర్ అందరి ముంగట నా ఇజ్జత్ తీసిండు. ఇంకేం గావాలె నీకు?"

"బకెట్ల ఏం కలుపుతున్నవో చెప్పు. డాక్టరమ్మ అడిగింది."

ఆమె ఇంకో ముద్ద కలిపింది. తర్వాత దగ్గింది. అచ్చం నా దగ్గే.

"ఏముంటది? బాత్రూంల యాసిడు, బ్లీచింగ్ పౌడరు. రెండూ ఒక్కతాన పోస్త. మూడంతస్తులు నేనొక్కదాన్నే కడగాలె, సారు ఎనిమిదింటికి ముక్కు వెట్టుకొని వస్తడు. ఫినాయిల్ పోస్తే వాసన జల్దీ వోతది. ఇది వోదు. గా సూపర్‌వైజరే నేర్పిండు."

"పొగ వస్తదా?"

"రాదా మరి? కొంగు అడ్డం వెట్టుకుంట. నాకు గూడ దమ్మొస్తది. నన్నెవలడిగిన్రు?" అని, గిన్నె మూత పెట్టి లేచింది. "నా పేరు తియ్యకు అమ్మా. నీకు దండం వెడ్త."

"తియ్యను" అన్నాను.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. యాదమ్మ చెప్పిందంతా చెప్పాను, ఆమె దగ్గు సంగతి కూడా. "యాసిడ్, బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుందమ్మా. మీరిద్దరూ బతికి ఉండటం అదృష్టం" అన్నది. నా లక్షణాలను బట్టి ఇది క్లోరిన్ దెబ్బేనని, యాసిడ్, బ్లీచింగ్ కలపడం ఆపాలని తన లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

నేను కమిటీకి ఉత్తరం రాశాను. రెండో తప్పు అక్కడ చేశాను. ఆధారం చెప్పని వార్త నిలవదని ఇరవై ఆరేళ్ల అలవాటు. డాక్టరు కాగితం జతచేసి కూడా, "సిబ్బంది తెలిపిన వివరాల ప్రకారం" అని ఒక ముక్క చేర్చాను. పేరు రాయలేదు. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

మీటింగులో సెక్రటరీ గారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. క్లోరిన్ గురించి అడగలేదు.

"ఏ సిబ్బందండీ? పేరు చెప్పండి."

"పేరు చెప్పను. కాగితం డాక్టరుది. కలపడం ఆపండి. ఆపకపోతే ఇదే కాగితం మున్సిపాలిటీకి ఇస్తాను, పోలీసులకు ఇస్తాను."

"బెదిరిస్తున్నారా మేడం గారూ?"

"అవును."

ఆపారు. యాసిడ్ వరండాల్లో వాడరాదని మినిట్స్‌లో రాశారు. వారం తిరగకముందే యాదమ్మను తీసేశారు. మూడో అంతస్తు కడిగేది ఆమె ఒక్కతే. పేరు చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

ఆమె కోసం వెతికాను. గండిమైసమ్మ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి కనిపించింది. బౌరంపేట్‌లో కొత్త విల్లాల్లో పని దొరికిందని చెప్పింది. నా ఇన్‌హేలర్ లాంటిదే ఒకటి డాక్టరమ్మ చేత రాయించి పట్టుకెళ్లాను. తీసుకుంది, సంచిలో వేసుకుంది.

"నీ పని అయింది గదా" అన్నది. "నేనే ఇంకో పని జూసుకున్న." ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఇది జరిగి ఏడాదిన్నర అవుతోంది. రోజుకు రెండుసార్లు కంట్రోలర్ ఇన్‌హేలర్. ఆఫీసులో కిటికీ పక్క సీటు. చర్చిలో ఇప్పటికీ రేకుల కిందే. దగ్గు లేని రోజులు నెలలో ఇరవై దాటాయి. అపార్ట్‌మెంట్‌లో మాతో మాట్లాడేవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ లిఫ్టులో ఎవరూ లేనప్పుడే మాట్లాడతారు. సెక్రటరీ గారు ఇంకా ఎనిమిదింటికి గాలి పీలుస్తూనే ఉన్నారు. ఇప్పుడు నిమ్మ వాసన ఫినాయిల్ పోయిస్తున్నారు. నేను తొమ్మిదింటి దాకా తలుపు తీయను.

నాలాంటి ఇబ్బంది మీకుంటే ఒక్క మాట వినండి. గడప ముందు కడిగే మనిషిని మొదటిరోజే అడగండి, బకెట్‌లో ఏం పోశావని. ఆ జవాబు డాక్టరుకు చెప్పి, డాక్టరు సంతకంతో కాగితం తీసుకోండి. ఫిర్యాదులో ఆ కాగితం ఒక్కటే ఉండాలి. మీకు ఎవరు చెప్పారో, ఎవరైనా చెప్పారో లేదో, ఒక్క అక్షరం కూడా రాయకండి.