పదో ముత్తైదువ

సుబ్బరత్నానికి హైదరాబాదులో దొరకనిది ఒక్కటే, ముత్తైదువులు. మొజంజాహీ మార్కెట్లో పళ్ళున్నాయి, సుల్తాన్ బజార్లో రవికగుడ్డలున్నాయి. అట్లతద్ది నోము తీర్చుకోవడానికి కావలసిన పదిమంది ముత్తైదువులు మాత్రం ఏ దుకాణంలోనూ లేరు. తెనాలిలో అయితే గుమ్మంలో నిలబడి ఓ కేక వేస్తే ఇరవైమంది వచ్చేవాళ్ళు. 1956లో రాజధానితోపాటు భర్త రామచంద్రమూర్తి సచివాలయం ఉద్యోగం ఇక్కడికి వచ్చిపడింది. నోముకు ఉద్యాపన జరగనేలేదు. ఉద్యాపన లేని నోము మొగుడికి అరిష్టమని సుబ్బరత్నం భయం. ఆయన తుమ్మినా తప్పు తనదే అనుకునేది.

రెండేళ్ళు తంటాలు పడి, నాంపల్లిలో తెలిసినవాళ్ళనూ వాళ్ళకు తెలిసినవాళ్ళనూ కలిపి పదిమందిని పోగుచేసింది. తీరా తద్ది నాటి మధ్యాహ్నం పదో ఆవిడ తోడికోడలు ప్రసవించింది. ఆ ఇంటిల్లిపాదికీ పురిటిమైల.

"చంద్రుడొచ్చేలోగా ఎవర్ని తేను?" అంటూ సుబ్బరత్నం గుమ్మంలో కూలబడింది.

అంట్లు తోముతున్న కిష్టవ్వ తలెత్తకుండానే అంది. "మీద రాణమ్మ ఉన్నది గద. గామెను పిల్వరాదు?"

మేడమీద గదిలో కిరాయికుండే ఒత్తీలియా నిజంగానే రాకుమారి. యూరప్‌లో ఏదో చిన్న రాజ్యం. అట్లాసులో ఎంత వెతికినా కనబడలేదని రామచంద్రమూర్తి అంటే, అట్లాసే తప్పని సుబ్బరత్నం తేల్చేసింది. యుద్ధంలో రాజ్యం పోయింది, కోట పోయింది, భర్తను సైనికులు పట్టుకుపోయారు. ఎవరో నవాబుగారి పిల్లలకు పియానో నేర్పడానికి వచ్చి, ఆయన వైభవమూ పోయాక, ఆబిడ్స్‌లో ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పుకుంటోంది. తెలుగు నేర్చుకున్నది కిష్టవ్వ దగ్గర. కళ్ళు మూసుకుని వింటే మాట్లాడుతున్నది రాకుమారో కిష్టవ్వో తెలిసేది కాదు.

అయితే ఆవిడ ముత్తైదువేనా? అసలు చిక్కంతా అక్కడే ఉంది. భర్త ఉన్నాడన్న కబురూ లేదు, పోయాడన్న కబురూ లేదు. ఆవిడ అన్నగారు మాత్రం పోయాడనే తీర్మానించి, వంశసమాధిలో రాయి మీద పేరు కూడా చెక్కించేశాడు. ఆవిడ ఒప్పుకోక అన్నతో మాటలు మానేసింది.

రామచంద్రమూర్తి కళ్ళజోడు సవరించుకున్నాడు. "పన్నెండేళ్ళు కనబడకపోతే పోయినట్టే లెక్క. ఈయన కనబడక పదమూడేళ్ళు."

వంటింట్లోంచి ఆయన తల్లి జానకమ్మ వచ్చింది. ఇరవయ్యో ఏడు దాటగానే బొట్టు పోగొట్టుకున్న మనిషి. ఆ ఇంట్లో ఆవిడ మాటకు అప్పీలు లేదు.

"ఆ లెక్క మన పంచాంగానిదిరా. వాళ్ళ దేశం పంచాంగం చూశావా నువ్వు?"

"లేదమ్మా."

"మరి ఊరుకో. నాకు బొట్టు తీసినప్పుడు నన్నెవరూ అడగలేదు. ఆవిడకు పెట్టడానికి నిన్నడగాలా?"

రామచంద్రమూర్తి పేపరు చాటుకు వెళ్ళిపోయాడు.

పొద్దుగూకాక రాకుమారి మెట్లు దిగి వచ్చింది. వాయనం అందుకోవాలంటే కొంగు పట్టాలి. గౌనుకు కొంగెక్కడిది? భుజాల మీది లేసు శాలువా తీసి పట్టింది. వాళ్ళ వంశపు గుర్తు, రెండు తలల పక్షి, దాని మీద కుట్టి ఉంది. పది అట్లూ బెల్లం ముక్కా ఆ పక్షి నెత్తిన పడ్డాయి.

"ఇస్తినమ్మ వాయనం," అంది సుబ్బరత్నం.

పుచ్చుకుంటినమ్మ వాయనం అనాలని మధ్యాహ్నం నుంచీ నేర్పారు. రాకుమారి అట్లకేసి చూసి అంతా మరిచిపోయింది. "తీస్కున్న తియ్, సుబ్బరత్నం. గిన్ని అట్లు ఎవలు తింటరు?"

తొమ్మిదిమందీ నవ్వారు. సుబ్బరత్నానికి పై ప్రాణాలు పైనే పోయాయి. "చెల్లుతుంది," అని వంటింట్లోంచి జానకమ్మ గొంతు వినబడింది.

బొట్టు పెడుతుంటే మాత్రం రాకుమారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అందరూ భర్తను మరిచిపొమ్మన్నవాళ్ళే. అతని భార్యగా పిలిచి పీట వేసింది ఈ ఇల్లొక్కటే. ఆనాటినుంచి శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టించుకోడానికి దిగి వచ్చేది. ఆ బొట్టుతోనే ఆబిడ్స్ వెళ్ళి పాఠాలు చెప్పేది.

1970లో ఒక శుక్రవారం పొద్దున కబురొచ్చింది. పట్టుబడిన ఏడాదికే ఏదో శిబిరంలో జ్వరమొచ్చి రాకుమారి భర్త పోయాడట.

సుబ్బరత్నం అప్పటికే కుంకుమభరిణె పట్టుకుని ఆవిడ కోసం ఎదురుచూస్తోంది. అంటే ఆనాడు పీట మీద కూర్చున్నది ముత్తైదువ కాదు. అబద్ధమెందుకు, సుబ్బరత్నం మొదట భయపడింది నోము గురించే. సరిగ్గా అప్పుడే పక్కగదిలో రామచంద్రమూర్తి తుమ్మాడు.

"అత్తయ్యా, నోము..."

"తుమ్ముతున్నాడంటే బతికున్నట్టేగా. నీ నోముకేం కాలేదు, పద పైకి," అంది జానకమ్మ.

సుబ్బరత్నానికి సిగ్గేసింది. డెబ్బై దాటిన అత్తగారు గోడ పట్టుకుని ముందు ఎక్కుతుంటే వెనకాలే ఎక్కింది. రాకుమారి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నుదురు బోసిగా ఉంది.

"మీ దేశంలో మొగుడు పోతే బొట్టు తీసేస్తారా?" అంది జానకమ్మ.

రాకుమారి కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "మా దేశంల బొట్టే లేదు గద, జానకమ్మా."

"పెట్టమన్నది నేను. తియ్యమని చెప్పానా?"

జానకమ్మ కోడలి చేతిలోంచి భరిణె తీసుకుంది. యాభై ఏళ్ళుగా ఆవిడ ముట్టని వస్తువది. అలవాటు తప్పిన వేలితో పెడితే బొట్టు వంకరగా పడింది. సరిచెయ్యబోయి సుబ్బరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది.