రొట్టెల అవ్వ సాక్ష్యం

మక్తల్ బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు అమ్మే అవ్వ పోయిందని సోమవారం పొద్దున ఫోను వచ్చింది. చేసింది ఆమె పక్కనుండే చాయ్ హోటలాయన. "పాపం, మంచి మనిషి టీచరమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంచి మనిషి కోర్టు బోనులో ఒంటరిగా నిలబడిన రోజు, ఇతనే ఆమెకంటే గంట ముందు అదే బోనెక్కి "నాకేం గుర్తులేదు సార్" అని చెప్పి దిగిపోయాడు. పేరు రాయను. అతనికి తెలుసు.

తెలియనివాళ్ల కోసం సంగతి చెబుతాను. మా నాయినకు మక్తల్‌లో ఎరువుల దుకాణం ఉండేది. రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఒక సంత రోజు మధ్యాహ్నం ఇద్దరు మా ఇంట్లో దూరి, జ్వరంతో పడుకున్న నాయినను దిండు అదిమి చంపి, బీరువాలోని బంగారం ఎత్తుకుపోయారు. మేమంతా నారాయణపేటలో పెళ్లికి వెళ్లాం. మా దుకాణంలో ఆరేళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా కూడా మాతోనే వచ్చాడు. నా విస్తట్లో పప్పు వడ్డించాడు. నాయిన ఒక్కడే ఉంటాడనీ, బీరువా తాళం ఫలానా చోట ఉంటుందనీ ఆ ఇద్దరికీ చెప్పిందీ వాడే.

ఆ ఇద్దరూ బంగారంతో దొరికారు. గుమాస్తా మాత్రం వాళ్ల మొహాలే చూడలేదన్నాడు. హత్య జరిగిన చోట లేనివాణ్ణి శిక్షించాలంటే కుట్ర రుజువు కావాలి. పెళ్లి జరిగిన చోటి నుంచి ఆ ఇద్దరికీ ఫోన్లు వెళ్లాయి గానీ, సిమ్ము ఇంకెవరి పేరు మీదో ఉంది. ఇక మిగిలింది ముగ్గురినీ ఒకచోట చూసిన మనుషులు. అలాంటివాళ్లు నలుగురు. గుమాస్తా అన్నదమ్ములంటే ఊళ్లో భయం. ముగ్గురు సాక్షులు కోర్టులో మాట మార్చి ఎదురుతిరిగారు. నాలుగో సాక్షి అవ్వ.

అవ్వకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు, తిండి గుర్తుండేది. మెత్తగా కాల్చమనేటాయన, అంచులు విరిచి పారేసేటామె, అట్లా. నన్నయితే "కారం లేని పిల్ల" అని పిలిచేది. నా నోటి సంగతి తెలిశాక ఆ పేరు మానేసింది.

కోర్టులో వాళ్ల వకీలు తారీఖు అడిగాడు. "తారీఖు నాకెట్ల తెలుస్తది సారూ? సంతకు రెండు దినాల ముంగట" అంది. కళ్లు సరిగ్గా కనిపిస్తాయా అని అడిగాడు. "నీ కోటు భుజం మీద సున్నం మరక కనవడుతాంది, చాలదా?" అంది. వకీలు భుజం దులుపుకున్నాడు. ఆ కేసు నడిచిన ఏళ్లలో నేను నవ్విన రోజు అదొక్కటే.

చివర ఆమె చెప్పింది రాసి, చదివి వినిపించారు. ముగ్గురూ ఆమె కొట్టు దగ్గర కలిసి తిన్నారని ఉంది. అవ్వ వేలిముద్ర వేయలేదు.

"గట్ల గాదు సారూ. నా కాడ దినాం పది మంది కలిసే తింటరు. నేను మూడు కంచాలు వెట్టిన. వీండ్లు రెండు పక్కకు జరిపి ఒక్క కంచంల చెయ్యి వెట్టి తిన్నరు. గా ముచ్చట రాయున్రి."

ముసలామె అతి చేస్తోందని నేను లోలోపల విసుక్కున్నాను. జడ్జిగారు రాయించారు. మళ్లీ చదివించుకున్నాకే వేలు పెట్టింది.

ముగ్గురికీ యావజ్జీవం పడింది. ఏళ్ల తర్వాత హైకోర్టులో అప్పీలు విచారణకొచ్చింది. అక్కడ సాక్షులు రారు, కాగితాలే మాట్లాడతాయి. బస్టాండులో ఎవరి పక్కన ఎవరైనా కూర్చుని తింటారు, అది కుట్ర ఎలా అవుతుందని వాళ్ల వకీలు గట్టిగా వాదించాడు. అప్పుడు ఒక జడ్జిగారు కాగితం తిప్పి ఆగారు. "మూడు కంచాలు పెట్టినా ఒకే కంచంలో తిన్నారని ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్లు అలా తింటారా?" అని అడిగారు. ఆ మాటా, ఆ ఫోన్లూ కలిసి ముడిపడ్డాయి. అప్పీలు కొట్టేశారు.

ఆ సాక్ష్యానికి అవ్వ ఏం అనుభవించిందో నేను చూశాను. పొయ్యి తన్నేశారు. ఊరి జనం ఆమె దగ్గర తినడం మానేశారు. గుమాస్తా భార్య నడిబజార్లో దుమ్మెత్తి పోసింది. "చూసిన, చెప్పిన. గంతే" అనేది అవ్వ.

హైకోర్టు తీర్పు చెబుదామని పరుగున వెళ్లాను. అవ్వ పక్కన కూర్చుని రొట్టెలు తడుతున్నది ఆ గుమాస్తా భార్యే! నలుగురూ చూస్తుండగా అరిచాను.

"జర నిమ్మళం బిడ్డా. మీ నాయినను సంపింది ఈమె గాదు. నేను నిజం చెప్పిన, వాడు లోపటికి పోయిండు, ఇద్దరు పిల్లలతోని ఇది రోడ్డున వడ్డది. దీనికింత బువ్వ దొరక్కపోతే గా నిజం నాకు అరగదు."

"నీ మొహం చూడనింక" అని వచ్చేశాను. ఏడాది దాటింది. రెండుసార్లు ఫోను చేయించింది. ఎత్తలేదు. మా నాయినకు న్యాయం చేసిన ఒకే ఒక్క మనిషికి నేనిచ్చిన మర్యాద ఇది.

నేను వెళ్లేసరికి మట్టి చేసేశారు. బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టారు. నడుమ అవ్వ ఫొటో చిన్నది, చుట్టూ నివాళులర్పించేవాళ్ల మొహాలు పెద్దవి. వాటిలో ఎదురుతిరిగిన సాక్షులు ఇద్దరు. చింపేద్దామని చెయ్యెత్తి కూడా ఊరుకున్నాను. అవ్వ ఉంటే తిట్టేది.

పొయ్యి దగ్గర ఆ గుమాస్తా భార్య ఒక్కతే ఉంది. వరసలో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. ఆమె మీద నాకు జాలి కలగలేదు, అబద్ధమెందుకు? నా వంతు వచ్చింది.

"ఎన్ని?" అని తలెత్తింది. నన్ను చూసి కొయ్యబారిపోయింది. పెనం మీద రొట్టె నుంచి పొగలొస్తున్నాయి. ఆమె కదల్లేదు. నేనే వంగి ఉత్త చేత్తో దాన్ని తిప్పాను. వేళ్లు కాలాయి.