దసరా బొట్టు, దక్షిణ ధ్రువపు స్పాంజి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో అలసట అంటే సాయంత్రం వచ్చి, పడుకుంటే పోయేదని అనుకునేదాన్ని. అది ఏటేటా పెరుగుతుందని (జీతం పెరగకపోయినా సరే) ఎవరూ చెప్పలేదు. నా పని కార్ఖానా అనే పేటలో ఒక మేడ మీది ల్యాబ్‌లో, దక్షిణ ధ్రువపు మంచు సముద్రం నుంచి సీసాల్లో వచ్చిన స్పాంజీలు ఏ జాతివో తేల్చడం. అంత చల్లటి నీళ్లలో అన్ని రకాలు ఎందుకు పుట్టాయో వాటికే తెలియాలి. పైకి అన్నీ నానిన రొట్టెముక్కలే. చిన్న ముక్క కోసి యాసిడ్‌లో కరిగిస్తే మెత్తనిదంతా పోయి, కంటికి ఆనని గాజు ముళ్లు మిగులుతాయి. కొన్ని సూదుల్లా, కొన్ని కొక్కేల్లా ఉంటాయి. వాటిని మైక్రోస్కోపులో చూసి జాతి చెప్పాలి. చిలకలగూడలో మా అమ్మ మాత్రం టిఫిన్ డబ్బా కడుతూ, "గిన్నెలు తోమే పీచుకు సుత కులగోత్రాలు చూస్తరా బిడ్డా" అనేది.

మా పెద్ద సారును చాటుగా ముళ్ల సారు అనేవాళ్లం. ఆ ఏడు దసరా నెలతో ప్రాజెక్టు ఆఖరు. కొత్త జాతి దొరికితే పొడిగిస్తారు, లేదంటే నేను ఇంటికి. మా ఇంట్లో వచ్చేది నా జీతమొక్కటే. ఆయుధపూజ నాడు మైక్రోస్కోపుకు దండ వేసి, సారు కుంకుమ వేలితో సరిగ్గా కన్ను ఆనించే అద్దానికే బొట్టు పెట్టారు. "పనిజేసేది కన్నే గదా, దానికి పెట్టకుంటే ఎట్ల" అన్నారు. మర్నాడు ఆయనే జేబురుమాలుతో తుడిచి పనిలో కూర్చున్నారు.

కాసేపటికి, "ఏమ్మా, జెర ఇటు రా" అని పిలిచారు. చూద్దును గదా, తెల్లటి గాజు ముళ్ల మధ్య ఎర్రటి నక్షత్రం. "గాజు ముల్లుకు రంగుండదు. ఇది ఎవ్వరు చూడనిది. స్లైడు కదపకు, మళ్ల దొరకది" అన్నారు. పైవాళ్లకు ఫోన్ చేసి చెప్పేశారు కూడా. రెండు రోజులు ఆ బల్ల దగ్గర అందరం పిల్లుల్లా నడిచాం.

మూడోనాడు నన్ను బొమ్మ గీయమన్నారు. పక్కన ఇంకేముందో చూద్దామని స్లైడు కొంచెం జరిపాను. ముళ్లన్నీ జరిగాయి, నక్షత్రం జరగలేదు. స్లైడే తీసేశాను. నక్షత్రం అక్కడే ఉంది. చెబితే ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే ఆ అబద్ధాన్ని జన్మంతా మోయాలి, అంత ఓపిక నాకప్పుడే లేదు. చెప్పేశాను.

సారు తానే కన్ను ఆనించి చూశారు. "నా బొట్టేనా" అన్నారు తలెత్తి.

"అవును సార్."

"పోయిన దసరాకు సుత నేనే పెట్టిన. అంతకు ముందుది సుత." ఆయన మెల్లగా పాత స్లైడ్లున్న అల్మారాల వంక తిరిగారు. "అంటే ఏది ముల్లో ఏది మరకో తెల్వది, మనం చూసినయన్ని మళ్ల షురూ చేయాలె. పైవాళ్లకు నేనే చెప్త. నీకు ఇంకో ఏడాది పని ఉన్నట్టే."

ఆ సాయంత్రం జిలేబీ పొట్లంతో చిలకలగూడ దాకా ఆనందంగా నడిచాను, బస్సు కూడా ఎక్కకుండా. ఆ ఏడాది తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. సారు రిటైరయ్యారు, నాకు కళ్లద్దాలొచ్చాయి, సీసాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆ పిల్ల, అంటే ఆనాటి నేను, ఇప్పుడు ఎదురై "నా ఉద్యోగం నిలబడిందక్కా" అంటే ఏం చెప్పాలో నాకు తెలియదు. ముందు జిలేబీ తినేయమ్మా, చల్లారిపోతుంది అంటానేమో.