చక్రాల ఇంట్లో సన్యాసమ్మ

సన్యాసమ్మ రంగూన్ బోటాటౌంగ్ పేటలో పుట్టింది. రేవుకు కూతవేటు దూరంలో, రేకుల వరస గదుల్లో ఏడో గది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. తండ్రి దండాసి కూడా అవే బస్తాలు మోశాడు. అరవై రెండేళ్ళు వచ్చేదాకా ఆవిడ రంగూన్ దాటి ఒక్క రాత్రి కూడా ఎక్కడా పడుకోలేదు. అయినా ఆవిడ చేతిలో ఉన్నది విదేశీయుల పుస్తకం. ఏ దేశపు విదేశీయురాలో ఆ పుస్తకం రాసిచ్చిన వాళ్ళనే అడగాలి.

కారణం పెద్దదేమీ కాదు. పౌరుల పేర్లు రాసుకునే గుమాస్తాలు వరస గదులకు వచ్చిన రోజున దండాసి ఓడ నుంచి బియ్యం దింపుతున్నాడు. మర్నాడు వెళ్తే గడువు అయిపోయిందన్నారు. పెద్దయ్యాక సన్యాసమ్మ నాలుగుసార్లు దరఖాస్తు పెట్టుకుంది. నాలుగుసార్లూ ఫైలు పైకి వెళ్ళిందన్నారు, కిందికి వచ్చిందని మాత్రం ఎవరూ అనలేదు. ఆ పుస్తకం ఉన్నవాళ్ళు ఊరు దాటి రాత్రి ఉండాలంటే ముందుగా అనుమతి కాగితం తెచ్చుకోవాలి.

ఆవిడ భర్త కూర్మనాథం సొంత మేనమామ కొడుకు. అతనికి ఆ బాధ లేదు. అతని తండ్రి రైల్వే ఉద్యోగి, తెలివైనవాడు, కొడుక్కి బర్మా పేరు పెట్టి పౌరుల కార్డు రాయించాడు. ఇంట్లో కూర్మనాథం, కార్డులో ఊ చో మ్యిన్. ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్ళు ఫిట్టర్‌గా చేశాడు. ఆవిడ లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు చొక్కాలకు కాలర్లు కుట్టింది. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఆవిడ ఎత్తదు, మనమూ ఎత్తొద్దు.

రేవు కూలీల ఇంట పుట్టిన మనిషి సముద్రం చూడలేదంటే ఎవరైనా నవ్వుతారు. సన్యాసమ్మ చూడలేదు. చూసిందల్లా రంగూన్ నది, ఆ బురద నీళ్ళు. దండాసి మాత్రం తన తండ్రి చెప్పిన సముద్రాన్ని కూతురికి చెప్పేవాడు, ఇసక మీద ఎలా పరుచుకుంటుందో చేత్తో చూపించేవాడు. ఒకసారి ఫ్యాక్టరీ వాళ్ళు అందరినీ బస్సులో సముద్రానికి తీసుకెళ్ళారు. ఈవిడ కాగితం ఆదివారానికి రావాలి, గురువారానికి వచ్చింది. అప్పటికి బస్సు వెళ్ళి రావడమూ అయింది, వెళ్ళినవాళ్ళ కబుర్లూ అయిపోయాయి. ఆ రోజు కూర్మనాథం జాలిపడి, ఎప్పటికైనా సముద్రం చూపించే పూచీ తనదన్నాడు.

రిటైరయ్యాక ఆ పూచీ గుర్తొచ్చింది. గుర్తు చేసింది ఫోను. ఎక్కడో అమెరికాలో ముసలి మొగుడూ పెళ్ళాలు ఇల్లులాంటి బండి కట్టుకుని, ఆకులు రాలే కాలంలో దక్షిణానికి బయల్దేరి, దారిలో సర్కారు పార్కుల్లో ఆగుతూ వండుకు తింటూ పోతారట. ఆ వీడియోలు అతను భోజనం చల్లారిపోయేదాకా చూసేవాడు. తర్వాత బడి పిల్లల్ని తిప్పి తిప్పి అరిగిపోయిన పాత జపాన్ వ్యాను ఒకటి కొన్నాడు. పాత రైలుపెట్టె చెక్కతో మడిచే మంచం చేశాడు. గ్యాసు పొయ్యికి గూడు, నీళ్ళ డ్రమ్ముకు కొళాయి, కప్పు మీద సోలార్ పలక, లోపల చిన్న ఫ్యాను. కరెంటు పోయిన రోజుల్లో ఇద్దరూ ఇంట్లో కంటే అందులోనే హాయిగా పడుకునేవాళ్ళు. పనివాడే, అందులో ఎవరూ వంక పెట్టలేరు.

మన దగ్గర ఆ పార్కులెక్కడివని సన్యాసమ్మ అడిగితే, గుడి ఆవరణలున్నాయి, బౌద్ధ సాధువుల మఠాలున్నాయి, ఎవరు కాదంటారన్నాడు. వానలు వెలిసి దీపాల పండగ వెళ్ళాక బయల్దేరాలని అనుకున్నారు. ఆవిడ అనుమతి కాగితానికి ఆఫీసుకు వెళ్ళొస్తానంది. పది రోజులు పట్టేది, అంతే. అతను వద్దన్నాడు.

"కాగితం ఎవులికే? ఇంకోలింట్లో తొంగుంటే కదా పేరు రాయించాల. మనం ఎవులింటికీ సుట్టాలం కాదు. మనింట్లోనే తొంగుంటాం. ఇల్లు కదిలితే తప్పేటి?"

ఈ తర్కం అతనికి ఎంత నచ్చిందంటే, టీ కొట్లో పదిమందికి చెప్పాడు. పదిమందీ భలే అన్నారు. వాళ్ళలో ఒక్కడి దగ్గరా విదేశీయుల పుస్తకం లేదు. సన్యాసమ్మకు లోపల గుబులుగానే ఉంది, కాని నలభై ఏళ్ళకు మొదటిసారి మొగుడు తన కోసం ఒక పని పూర్తి చేశాడు. దాన్ని ఆఫీసు గుమ్మాల చుట్టూ తిప్పి చల్లార్చడం ఆవిడకు మనసొప్పలేదు. ఊరుకుంది.

మొదటి రోజు పెగూలో ఒక గుడి ఆవరణలో ఆగారు. సాధువు అరటిపళ్ళిచ్చి, బండి లోపల చూసి, తనకూ ఇలాంటిది ఒకటుంటే బాగుణ్ణన్నాడు. రెండో రోజు ఒక కొండ కింద యాత్రికుల బస్సులు ఆగే మైదానంలో సన్యాసమ్మ చింతపండు చారు పెట్టింది. పక్క బస్సువాళ్ళు వాసన పట్టి గిన్నె తెచ్చుకున్నారు. దారిలో రెండు తనిఖీ గేట్లు వచ్చాయి. రెండింట్లోనూ కూర్మనాథం కార్డు చూసి పొమ్మన్నారు, వెనక తలుపు ఎవరూ తీయలేదు. ఆ రెండు రోజులూ సన్యాసమ్మ సుఖపడింది. ఆ మాట ఇక్కడ రాయకపోతే అన్యాయమవుతుంది. కిటికీ దగ్గర కూర్చుని రబ్బరు తోటలు చూస్తూ, ఎప్పుడో మరిచిన పెళ్ళిపాటలు గొణుక్కుంది.

మూడో రోజు పొద్దున, సముద్రం ఇక రెండు గంటల దూరమనగా, మూడో గేటు వచ్చింది. అక్కడ వెనక తలుపు తీశారు. లోపల ఇల్లు చూసి కుర్ర సిపాయిలు నవ్వారు, మంచం మడిచి చూశారు, కొళాయి తిప్పి చూశారు. వాళ్ళ అధికారి సన్యాసమ్మ పుస్తకం అడిగి తీసుకుని, అన్ని పేజీలూ తిప్పి, అనుమతి కాగితం ఏదన్నాడు. కూర్మనాథం తన తర్కం చెప్పాడు. అధికారి చివరిదాకా ఓపిగ్గానే విన్నాడు. ఈ ఇల్లు ఏ వార్డులో ఉందని అడిగాడు. అనుమతి లేని మనిషిని తెలిసి దాచి తెస్తే కేసవుతుందనీ, బండి ఇక్కడే ఉండిపోతుందనీ చెప్పి, అప్పుడు అడిగాడు: "ఈవిడ నీకేమవుతుంది?"

సన్యాసమ్మ చేతిలో గరిటె ఉంది. గేటు వరసలో ఆగినప్పుడు పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడుకుతోంది. మొగుడు తన వైపు చూస్తాడనుకుంది. అతను బండి వైపు చూశాడు.

"వంటమనిషి," అన్నాడు బర్మా భాషలో, తొణక్కుండా. "రంగూన్ నుంచి పనికి తెచ్చుకున్నాను. కాగితాలు లేవని నాకు చెప్పలేదు."

మొదటి మాట భయంతో వచ్చిందనుకోవచ్చు. చివరి మాట అలా రాదు. దాన్ని వెతికి పట్టుకుని చెప్పాలి. ఇందాకటి తర్కం విన్న అధికారి అది నమ్మినట్టు లేడు, ఆవిడ వైపు తిరిగి, నిజమేనా అడో అన్నాడు. అడో అంటే పిన్నమ్మ, మర్యాదగానే పిలిచాడు. కాదంటే మొగుడు లోపలికి పోతాడు. సన్యాసమ్మ నిజమేనంది. పొయ్యి కట్టేసింది.

ఆవిణ్ణి రంగూన్ వెళ్ళే కూరగాయల లారీ ఎక్కించారు. సంచీ అందిస్తూ కూర్మనాథం తెలుగులో, పెదాలు కదలకుండా, ఊరికే అన్నానని, నువ్వు ముందు పద, నేనూ వెనక్కి తిరిగొచ్చేస్తానని చెప్పాడు. ఆవిడ వంకాయల బుట్టల మధ్య కూర్చుని దారి పొడుగునా వెనక్కి చూస్తూ వచ్చింది. ప్రతి తెల్ల బండీ వ్యానేమో అనుకుంది. కాదు. ఇన్సేన్‌లో ఇంటికి చేరి, తాళం తీసి, ఒక్కతే అన్నం వండుకుంది. మర్నాడు ఇద్దరికి వండింది. మూడోనాడు మళ్ళీ ఒక్కదానికే వండుకుంది.

అతను అయిదోనాడు వచ్చాడు, మెడ ఎండకు నల్లబడి, ఎండుచేపల పొట్లంతో. వెంటనే వెనక్కి తిరిగితే గేటువాళ్ళకు అనుమానం వస్తుందని ముందుకు పోవలసి వచ్చిందట. పోయాక, అంతదూరం వచ్చి చూడకుండా ఎలా అనిపించిందట. ఫోనులో సముద్రం పట్టుకొచ్చాడు. సన్యాసమ్మ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆ వీడియో మొత్తం చూసింది. అలల చప్పుడు మధ్య అతని గొంతు వినబడింది, "ఒలే సన్నేసీ, సూడే, ఎంతుందో" అని. ఆవిడ ఫోను తిరిగిచ్చేసింది. తను అలా అనకపోతే బండి పోయుండేదని అతను అప్పుడు చెప్పుకొచ్చాడు.

"బండి దక్కింది కదా మావా," అంది. తిట్టలేదు, ఏడవలేదు. ఎండుచేపలు వేయించి పెట్టింది. పొరుగింటి తాయారమ్మ వచ్చి సముద్రం ఎలా ఉందని అడిగితే, బాగుందట అంది.

అతనికి ఆ నెమ్మది నచ్చింది. గండం గడిచిందనుకున్నాడు. మగాళ్ళకు ఇలాంటి లెక్కలు తేలిగ్గా తేలిపోతాయి.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం వార్డు గుమాస్తా కో జో లిన్ వచ్చాడు. ఇళ్ళ జాబితాలు కొత్తగా రాస్తున్నారు. ఇంట్లో ఎవరెవరున్నారో, ఇంటి యజమానికి ఏమవుతారో అడిగి రాసుకోవాలి. కూర్మనాథం కుర్చీ వేశాడు. సన్యాసమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. గుమాస్తా ఆవిడ పుస్తకం నంబరు ఎక్కించుకుని, ఈవిడ మీకేమవుతారని అలవాటుగా అడిగాడు.

"భార్య," అన్నాడు కూర్మనాథం, గట్టిగా, వీధిలోకి వినబడేలా. "నలభై ఏళ్ళయింది."

సన్యాసమ్మ తలెత్తి చూసింది. ఈ మూడు వారాల్లో ఆవిడ మొగుడి మొహంలోకి సూటిగా చూడటం అదే మొదలు. తెలుగులో అంది.

"ఈ మాట ఆడ ఎందుకు రానేదు మావా? ఈడ సెప్తే నాకేటొస్తాది?"

గుమాస్తాకు తెలుగు రాదు. కలం ఆపి, అడో ఏదో అంటున్నారు, తప్పు రాశానా అని అడిగాడు. కూర్మనాథం గొంతు సవరించుకున్నాడు.

"అబ్బే, ఏం లేదు," అన్నాడు బర్మా భాషలో. "మీరు టీ తాగుతారా అని అడుగుతోంది."

కో జో లిన్ నవ్వి, ఇస్తే తాగుతానన్నాడు. ఇద్దరూ ఆవిడ లేస్తుందని చూశారు. సన్యాసమ్మ లేవలేదు.