తాతయ్య పొద్దున్నే పోయిండు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెద్దతాతయ్యకు శ్రద్ధాంజలి రాయనిది నేనొక్కదాన్నేనని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి నేనూ రాశాను. 'పెద్దతాతయ్య ఆత్మకు శాంతి చేకూరాలని' వరకు టైపు చేశాను. ఫోను 'చేకూరాలని'ని 'చేకురాలని' చేసింది. ఆ దీర్ఘం దిద్దడానికి ఆగాను. అక్షరం తప్పుతో దేన్నీ పంపను, పంపేముందు రెండు మూడుసార్లు చదువుకుంటాను. ఆ చాదస్తం లేకపోతే ఆ వరసలో నా దండమూ ఉండేది.

పెద్దతాతయ్య మా అమ్మకు పెదనాన్న. నందిగామలో ఉంటారు, హైస్కూల్లో తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. మాది జగ్గయ్యపేట, నాన్నది హార్డ్‌వేర్ షాపు. పైపులు, మేకులు, పెయింటు డబ్బాల మధ్య కూర్చుని ఫోనులో మెసేజ్‌లుగా వచ్చే ఆర్డర్లు రాసుకోవడం నా పని. ఆర్డర్లు లేనప్పుడు కౌంటర్ కింద పుస్తకం తెరిచి ఉంటుంది.

మా గ్రూపులో ఎనభైమందికి పైగా ఉన్నాం. ఎవరూ రాయకపోయినా అక్కడ కొన్ని పద్ధతులు నడుస్తాయి. ఆరు కొట్టేలోపు పువ్వుల బొమ్మతో శుభోదయం రావాలి. పుట్టినరోజుకు కేకు బొమ్మ పెట్టకపోతే ఏడాదంతా గుర్తుంచుకుంటారు. ఒకసారి ఒక పెద్దావిడ ఊరగాయ జాడీల ఫొటో పెడితే, ఆమె తోడికోడలు ఉత్త బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంది. "నాకు బొటనవేలు చూపిస్తుందా!" అని రెండు నెలలు మాటల్లేవు. ఇక ఎవరైనా పోతే, ఎవరు ఎంత ముందు సంతాపం పెడితే వాళ్ళకు అంత ప్రేమ ఉన్నట్టు. అందుకే వేళ్ళు కళ్ళకంటే ముందు పరిగెడతాయి. ఆ గ్రూపులో చేరిన ఇన్నేళ్ళలో నేను రాసింది ఒకే మాట. నా పుట్టినరోజున, 'ధన్యవాదాలు' అని.

ఆ వారం పెద్దతాతయ్య కోదాడలో కూతురింటికి వెళ్ళారు. ఆమె నాకు పిన్ని. పిన్ని కొడుకు నాకంటే చిన్నవాడు, వాడికి పెళ్ళయి నాలుగు నెలలు. ఆ కొత్తకోడలు, అంటే నా మరదలు, పుట్టిందీ పెరిగిందీ ఆ వైపే. కోదాడ మాకు అరగంట దూరం. కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది, దాంతోపాటు మాటా మారుతుంది.

ఆ రోజు పొద్దున షాపు తెరిచి దుమ్ము దులుపుతుండగా ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆపకుండా మోగింది. మరదలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది: 'తాతయ్య పొద్దున్నే పోయిండు.' దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, దీపాలు, ఓం శాంతులు. హైదరాబాదులో ఉండే ఒకాయన అప్పటికే తాతయ్య ఫొటోకు దండ కూడా వేసేశాడు. నాన్నకు చూపించాను. ఆయన లేచి షట్టర్ సగం దించారు. అప్పుడే నేను కూడా కూర్చుని నా సంతాపం మొదలుపెట్టాను.

దీర్ఘం దిద్దుకుంటూ, వరస సరిచూద్దామని పైకి వెళ్ళి మరదలు మెసేజ్ మళ్ళీ చదివాను. దాని కింద దీపాల మధ్య ఆమెదే ఇంకో వాక్యం చిక్కుకుని ఉంది: 'మీకు చెప్పమన్నడు.'

ఎవరు చెప్పమన్నారు?

మా వైపు మనుషులు వెళ్తారు. పోయేవి కరెంటు, పరువు, ప్రాణం. వాళ్ళ వైపు బడికి పోతారు, బజారుకు పోతారు, పెళ్ళికీ పోతారు. మరదలి పాత మెసేజ్‌లు వెతికాను. 'అత్తమ్మ గుడికి పోయింది.' 'మేము నిన్న సినిమాకు పోయినం.' అలా అయితే తాతయ్య పోలేదు, వెళ్ళారు. కానీ అది నా ఊహే. ఎనభైమంది ఏడుస్తుంటే మధ్యలో లేచి 'నిజమేనా?' అని అడగాలంటే నాకు చేతులు రాలేదు. తాతయ్యకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

అప్పుడే మామయ్య మెసేజ్ వచ్చింది. నందిగామలో విత్తనాల వ్యాపారం చేసే మామయ్య మా గ్రూపుకు అడ్మిన్, తాతయ్యకు తమ్ముడి కొడుకు. 'పెద్దమ్మకు ఎవరూ ఫోన్‌లో చెప్పవద్దు. నేను వెళ్ళి నెమ్మదిగా చెప్తాను. బయల్దేరుతున్నాను.'

పెద్దమ్మమ్మ, అంటే పెద్దతాతయ్య భార్య, నందిగామ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆమెది బటన్ల ఫోను, గ్రూపులో లేదు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు. మామయ్య బండి మీద వాళ్ళింటికి పది నిమిషాలు.

నాకు ఫోన్లో మాట్లాడటం రాదు. ఎవరికైనా చేయాల్సి వస్తే అమ్మతో చేయిస్తాను. తప్పకపోతే ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకుంటాను. ఆ రోజు కాగితం వెతుక్కోలేదు. మరదలికి చేశాను.

"హలో, వదినా! మీరు ఫోన్ చేసిన్రా?" అంది, ఆశ్చర్యంగా.

"తాతయ్య..." అన్నాను.

"ఆ, పొద్దున్నే పోయిండు వదినా."

"ఎలా?"

"ఎట్లేంది? ఆటోల బస్టాండుకు పోయిండు. రెండిడ్లీలు తిన్నడు, చట్నీల కారం ఎక్కువైందని నన్నొక మాటన్నడు, పోయిండు. నందిగామ బస్సెక్కించి మా ఆయన మళ్ళ వచ్చిండు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నువ్వు ఫోన్ చూసుకోలేదా?"

"లేదు వదినా, బట్టలు ఉతుకుతున్న. ఏమైంది?"

"ఏం లేదు. కాసేపు చూడకు" అని పెట్టేశాను.

మామయ్యకు చేస్తే ఎత్తలేదు, బండి మీద ఉన్నాడు. గ్రూపులో రాశాను: 'తాతయ్య బాగున్నారు. బస్సులో వస్తున్నారు.' రాసిన క్షణంలోనే దాని కింద ఆరు దీపాలు వెలిగాయి. నా మెసేజ్ పైకి జరిగి కనపడకుండా పోయింది. ఎవరో దానికీ ఒక దండం పెట్టారు. చదివి పెట్టారో, వరసలో ఉంది కదా అని పెట్టారో తెలియదు. ఇక లాభం లేదని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడాను: "ఎవ్వరూ ఏమీ రాయకండి. తాతయ్య బతికే ఉన్నారు. పోయిండంటే బయల్దేరారని." నా గొంతు ఎలా ఉంటుందో మా చుట్టాల్లో సగంమందికి అప్పుడే తెలిసి ఉంటుంది.

వెంటనే పెద్దమ్మమ్మకు చేశాను.

"ఎవరూ? నువ్వా? నువ్వు ఫోన్ చేసావేంటే? ఏమైంది? మీ అమ్మ బాగానే ఉందా?"

నేను ఫోన్ చేయడమే ఆమెకు చెడు కబురులా ఉంది.

"అందరూ బాగున్నారు అమ్మమ్మా. ఊరికే చేసా."

"ఊరికే చేసే మొహమేనా నీది! చెప్పు."

"కందిపచ్చడి ఎలా చేస్తారో అడుగుదామని."

"ఓసినీ! కందిపప్పు దోరగా వేయించు. మాడనిచ్చావంటే చేదెక్కుద్ది. ఎండుమిరపకాయలు, జీలకర్ర... చింతపండు కాస్తే వెయ్యి, మీ అమ్మలా గుప్పెడు వేసేవు."

మాట ఆగితే మామయ్య వచ్చేస్తాడేమోనని వెల్లుల్లి ఎన్ని రెబ్బలు, రోట్లో రుబ్బాలా మిక్సీలోనా, నీళ్ళు ఎప్పుడు పొయ్యాలి అని అడుగుతూనే ఉన్నాను. ఆమె హుషారుగా చెబుతోంది. ఇంతలో గేటు చప్పుడు నాకూ వినపడింది.

"ఉండు, మీ మామయ్య వస్తున్నాడు. ఏంటో తల వేలాడేసుకుని వస్తున్నాడు, వీడికేమొచ్చింది?"

"అమ్మమ్మా, ఫోన్ మామయ్యకివ్వు."

"కందిపచ్చడి గురించి వాడికేం తెలుసే?"

"ఇవ్వు అమ్మమ్మా!"

అరిచాను. నాన్న మేకుల డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఫోను చేతులు మారిన చప్పుడు వినపడింది. "మామయ్యా, అమ్మమ్మతో ఏమీ అనొద్దు. తాతయ్య బస్సులో వస్తున్నారు. ఆ అమ్మాయి మాటల్లో పోయిండు అంటే బయల్దేరాడని. నేను మాట్లాడా, ఇడ్లీ తిని బయల్దేరారంట."

అటువైపు మామయ్య గొంతు వినిపించింది. నాతో కాదు: "ఏం లేదు పెద్దమ్మా. ఇటేపు పనుండి వచ్చా. మజ్జిగేమన్నా ఉందేమోనని."

"మజ్జిగ అడగటానికి ఆ మొహమేంట్రా!"

ఫోన్ పెట్టేశాను. నాన్న వెళ్ళి షట్టర్ పైకి ఎత్తారు. పక్కకొట్టు నుంచి టీ తెప్పించి, తను తాగే పెద్ద గ్లాసులో నాకు పోసిచ్చారు.

తాతయ్య బస్సెక్కితే ఫోను ఆపేస్తారు. మన ఇంటి సంగతులు పక్కవాడి చెవిలో పోయడం మర్యాద కాదంటారు. ఆ రోజు ఇంటికి చేరి ఫోను తెరిచి, తన మీద కురిసిన శాంతులన్నీ ఓపిగ్గా చదివి గ్రూపులో రాశారు: 'నేను కుశలం. మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి. అయితే శ్రద్ధాంజలిలో దకారానికి ధ వత్తు ఉంటుంది. అసలు సమయానికి దిద్దుకోగలరు.' గ్రూపంతా పడీపడీ నవ్వింది.

నవ్వు తగ్గాక తప్పు ఎవరిదన్న మాట మొదలైంది. 'ఆ పిల్లకు కాస్త మన తెలుగు నేర్పండి' అని ఒకరు, 'పెద్దాయన్ని చంపేసింది' అని ఇంకొకరు, దాని కింద నవ్వు బొమ్మలు. కాసేపటికి మరదలు గ్రూపు వదిలి వెళ్ళినట్టు చిన్న అక్షరాల్లో వచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా కూర్చుని రాశాను. ముందు డైరీలో, తర్వాత ఫోనులో. ఇంత పొడుగు మెసేజ్ మా గ్రూపులో ఎవరూ రాయలేదు. ఆమె తెలుగులో తప్పేమీ లేదని, పోవడం అన్న మాట మనకంటే చాలా పాతదని, నేను చదివిన పాత పుస్తకాల్లో రాజులు కూడా వేటకు పోయేవారని, మనమూ 'పోయొస్తా' అంటామని రాశాను. చివర ఇలా రాశాను: 'ఆమె రెండు వాక్యాలు రాసింది. రెండోది మీకు చెప్పమన్నడు అని. మనం రెండోదాని దాకా పోలేదు. తప్పు చదివినవాళ్ళది.' మూడుసార్లు చదువుకున్నాను. పంపాను.

ఎవరెవరు చదివారో చూస్తూ కూర్చున్నాను. నీలం గీతలు పెరుగుతున్నాయి, నా ప్రాణం పోతోంది. ఆఖరికి మామయ్య రాశాడు: 'నాదే తొందర. కోడలికి క్షమాపణ.' తనే ఆమెను మళ్ళీ చేర్చాడు. తాతయ్య నా మెసేజ్‌లో ఒక్క తప్పూ పట్టలేదు. అది నాకు పతకం కంటే ఎక్కువ.

ఇప్పుడు మా గ్రూపులో చెడు కబురు ఏదొచ్చినా ముందు ఎవరో ఒకరు అడుగుతారు: 'ఫోన్ చేసి కనుక్కున్నారా?' ఆ పద్ధతి నా వల్ల వచ్చిందని ఎవరూ అనరు. నాకు తెలుసు, చాలు. ఎనభైమంది ఒక మాట రాయడానికి ముందు ఆగడం నేర్చుకున్నారంటే, ఒక్కరి ముందూ నోరు విప్పలేని నాకు అది చిన్న సంగతేమీ కాదు.

నెల తర్వాత అమ్మతో నందిగామ వెళ్ళాను. పెద్దమ్మమ్మకు అప్పటికి అన్నీ తెలిసిపోయాయి. మజ్జిగ కథ చెప్పి మామయ్యను ఏడిపిస్తోందట. నా ముందు మాత్రం ఆ ఊసెత్తలేదు. కందిపచ్చడి కలిపి ముద్దలు చేసి పెట్టింది. మేం బయల్దేరుతుంటే అమ్మ ముందు నడిచింది. పెద్దమ్మమ్మ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎప్పుడైనా నిజంగానే ఏదన్నా అయిందనుకో, వాళ్ళనీ వీళ్ళనీ పంపొద్దు. నువ్వే ఫోన్ చేసి చెప్పు. నువ్వు చెప్తే తట్టుకుంటానే."