సోఫా బండి

ఈ కథలో ఎవరూ చచ్చిపోరు. అంతకు మించి మంచి వార్త నా దగ్గరేమీ లేదు. ఒక ఏడాది మిరపకాయల డబ్బు పోతుంది, ఊళ్లో నా పరువు పోతుంది, ఇంట్లో నోరెత్తే హక్కు కూడా పోతుంది. అన్నీ పోయాక మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఊరు ఇప్పటికే నవ్వి నవ్వి అలిసిపోయింది, ఇక మీ వంతు.

మాది మదురైకి పడమట ఒక నల్లరేగడి పల్లె. మా పెద్దలు ఏ కాలంలో తెలుగు దేశం వదిలి ఇటొచ్చారో మాలో ఎవరికీ తెలియదు. బళ్లో తమిళం, బజార్లో తమిళం, గడప దాటి ఇంట్లోకొస్తే మాత్రం తెలుగు. నా భార్య రుక్కు మా అక్క కూతురే. అందుకని పెళ్లికి ముందూ నన్ను మామా అనేది, పెళ్లయ్యాకా మామా అనే అంటుంది. ఆమెకు జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే, మూణారు చూడాలి. కొండల నిండా టీ తోటలు, మంచు, స్వెటర్ వేసుకునేంత చలి. మా ఎండలో కలుపు తీసి మాడిపోయిన మనిషి అంతకంటే ఏం కోరుకుంటుంది?

అడ్డం వచ్చింది వాంతులు. బస్సెక్కినా వాంతి, కారెక్కినా వాంతి. చుట్టాల పెళ్లికి పోతే, తాళి కట్టే వేళకు ఈమె మండపం వెనక చాప మీద పడి ఉండేది. రైల్లో ఏమీ కాదు, కానీ మూణారుకు రైలు లేదు. స్కూటర్ వెనక కూర్చుందామంటే నడుములో డిస్కు జరిగింది. "వచ్చే ఏడు కట్టాయం, తప్పకుండా పోతాము" అని నేను, "సెరి మామా" అని ఆమె, ఇట్లాగే ముప్ఫై ఏళ్లు గడిపేశాం.

అట్లాంటి సమయంలో నా ఫోన్లో ఆ బండి కనబడింది. పెద్ద ఇంజన్ మోటార్ సైకిల్. వెనక చక్రం పీకేసి రెండు కారు చక్రాలు బిగించారు. ఆ రెండింటి నడుమ, అయ్యా, ఒక సోఫా! మెత్తటి ఎర్ర సోఫా. వీపుకు ఆనుడు, చేతులకు ఆనుడు, కాళ్లు చాపుకోవడానికి పలక. ఎవరో దూరప్రయాణాల సరదా ఉన్న మనిషి చేయించుకొని, సరదా తీరాక అమ్మకానికి పెట్టాడు. కోయంబత్తూరులో ఉంది.

నా బుర్ర చకచకా పని చేసింది. అది పని చేసినప్పుడల్లా నాకు నష్టమే, అయినా దానికి బుద్ధి రాదు. "ఇంద చూడు రుక్కూ, నీకు వాంతి ఎందుకొస్తుండాది? గాలాడక. ఇది మొత్తం గాలిలోనే ఉండాది. నడుము ఎందుకు నొస్తుండాది? ఆనుడు లేక. ఇదో, ఆనుడు!"

"డాక్టర్‌ని ఒకమాట అడుగుదామా మామా?"

"డాక్టర్‌కి బండ్ల సంగతి ఏమి తెలుసు?"

ఇద్దరం రైల్లో కోయంబత్తూరు పోయాం. దారిలో నేను ఆమెకు మా గొప్ప ఆయుధం గుర్తు చేశాను. మా వైపు తెలుగిళ్లవాళ్లందరికీ ఇది తెలిసిన విద్యే. చీరల కొట్లో గానీ, పశువుల సంతలో గానీ, అమ్మేవాడితో తమిళంలో బేరమాడతాం, మాలో మేము తెలుగులో మాట్లాడుకుంటాం. వాడి కళ్ల ముందే వాడి గుట్టంతా చర్చిస్తాం, వాడు బిక్కమొహం వేసుకొని చూస్తుంటాడు. మా అమ్మ ఈ విద్యతో సగం ధరకు వెండి చెంబులు కొన్నది. నేను ఆమె కొడుకుని కదా, నాకేం తక్కువ?

అమ్మేవాడు నాకంటే కాస్త చిన్నవాడు, పాత మిల్లు పక్కన పెద్ద షెడ్డు పెట్టుకున్నాడు. నొసట మూడు పట్టెల విభూతి. మనవాళ్లయితే నామం పెడతారు, వీడు అచ్చ తమిళుడు అని నేను అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. "వాంగొ, ఉక్కారుంగొ" అని తియ్యటి కోవై తమిళంలో కూర్చోమన్నాడు. కాఫీ ఇప్పించాడు. టార్పాలిన్ లాగాడు.

రుక్కు సోఫాలో కూర్చుంది. వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఆమె మొహంలో అట్లాంటి నవ్వు నేను చూసి ఎన్నేళ్లయిందో. కానీ నేను వ్యాపారంలో ఆరితేరినవాణ్ని కదా, వెంటనే తెలుగులో హెచ్చరించాను.

"ఏమే, నవ్వొద్దు! మొహం మాడ్చుకో. నచ్చిందని తెలిస్తే వీడు ధర ఎక్కిస్తాడు."

"నాకు రొంబ నచ్చింది మామా."

"నాకూ నచ్చింది. వీడు ఎంత చెప్పినా ఇచ్చేసేదే, విడిచిపెట్టేది లేదు. నువ్వు మాత్రం నడుము నొప్పి వచ్చినట్టు ఉండు."

ఆమె పాపం వేపాకు నమిలినట్టు మొహం పెట్టింది. నేను అతని వైపు తిరిగి తమిళంలో, "మా ఇంటామెకు సీటు ఒప్పలేదు. ధర బాగా దించితే ఆలోచిస్తాం" అన్నాను.

"దించేది లేదండి" అన్నాడు అతను తమిళంలోనే, అతి వినయంగా.

ఎంత గింజుకున్నా ఒక్క రూపాయి కదల్లేదు. అప్పుడు తెలుగులో ఆఖరి బాణం తీశాను. "లెయ్యి, పోతా ఉండేటట్టు నడుద్దాం. గేటు దాటేలోపల వీడే పిలుస్తాడు చూడు."

లేచి నడిచాం. గేటు దాకా పోయాం. గేటు దాటాం. వీధి చివర పాల కొట్టు దాకా కూడా పోయాం. ఎవరూ పిలవలేదు. వెనక్కి తిరిగి చూస్తే అతను కుర్చీలో కాలు మీద కాలేసుకొని కాఫీ తాగుతున్నాడు. మా కప్పులు కూడా తీయలేదు, అక్కడే ఉంచాడు. తలలు వంచుకొని వెనక్కొచ్చి, చల్లారిన కాఫీ తాగి, అడిగినంతా ఇచ్చాం. నా ఏడాది మిరపకాయలు అతని సొరుగులోకి పోయాయి.

కాగితాలు రాసుకున్నాం, తాళం చేతిలో పడింది. అప్పుడు ఆ మహానుభావుడు చేతులు కట్టుకొని, మా అమ్మమ్మ మాట్లాడే అదే తెలుగులో, "పదిలంగా పోయిరాండి అన్నా. బండి వెనక్కి పోదు, రివర్సు లేదు. అది మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కకు సీటు బాగా ఒప్పింది" అన్నాడు.

"మీరు... తెలుగా?"

"మా ఇంట్లో అంతా తెలుగే అన్నా."

"అయితే ముందే ఒకమాట చెప్పకూడదా!"

"మీరు ఆలుమగలు ఇంటి సంగతి మాట్లాడుకుంటా ఉండిరి. నడుమ దూరితే మర్యాదా అన్నా?"

రుక్కు పైట నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకోవడానికని వేరే చెప్పాలా? ఆమెను రైలెక్కించి, సోఫా మీద మొదటి ప్రయాణం మూణారుకే కావాలని ఆజ్ఞాపించి, నేను ఒక్కణ్నే బండి వేసుకొని బయలుదేరాను. మామూలు మోటార్ సైకిల్ అయితే మలుపులో ఒరుగుతుంది. ఇది ఒరగదు. నేను ఒరుగుతాను, అది తిన్నగా పోతుంది. పళని దాటేలోపల పొలాల్లోకి దిగి మళ్లీ రోడ్డెక్కడం నాకు అలవాటైపోయింది.

మదురై చేరాక నేరుగా ఇంటికి పోవచ్చు కదా? పోను. మాట్టుతావణి మార్కెట్లో నాకు తెలిసిన కూరగాయల వ్యాపారికి చూపించి గొప్పలు పోవాలి. మార్కెట్ పక్క బస్టాండ్ ముందు బండి ఆపి హెల్మెట్ తీశానో లేదో, ఒక పెద్దావిడ వంకాయల మూటతో సహా సోఫా ఎక్కేసింది.

"పెరియార్ స్టాండుకు పోనీ తంబీ" అంది తమిళంలో.

"అమ్మా, ఇది ఆటో కాదు!"

"మూడు చక్రాలు ఉన్నాయి కదా? మరేంటిది?"

ఈలోపల అసలు ఆటోవాళ్లు చుట్టుముట్టారు. "ఏంటయ్యా, వరసలో రాకుండా సవారీ ఎక్కించుకుంటావా? ఏ స్టాండ్ నీది?" అని ఒకడు కాలర్ పట్టుకున్నాడు. నాలుగెకరాల ఆసామిని అంటే ఎవరు వింటారు? పెద్దావిడ దిగనంది, ఆటోవాళ్లు బండి కదలనివ్వలేదు, చివరికి వాళ్లే విసుగొచ్చి "తీసుకుపోయి చావు" అన్నారు. పెరియార్‌లో దింపితే ఆవిడ నా చేతిలో ఇరవై రూపాయలు పెట్టి, "సీటు బాగుంది, కానీ పైకప్పు వేయించు తంబీ, ఎండ" అని సలహా ఇచ్చింది. ఆ ఇరవై రూపాయలు తీసుకున్నాను. ఆ బండి మీద నాకొచ్చిన ఆదాయం అదే.

ఇక మూణారు. తెల్లవారే బయలుదేరాం. రుక్కు కొత్త చీర కట్టుకుంది, ఒళ్లో స్వెటర్, కాళ్ల దగ్గర పులిహోర డబ్బా. వీధి వీధంతా బయటికొచ్చింది. "ఏమి అత్తా, ఊరేగింపా?" అని పిల్లలు అరిచారు. ఆమె సిగ్గుపడుతూనే చెయ్యి ఊపింది. నేను అద్దంలో ఆమెను చూసుకుంటూ, నా అంత మొగుడు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

ఉసిలంపట్టి దాటాక భుజం మీద చెయ్యి పడింది. "మామా, ఆపండి."

ఆపాను. వాంతి. గాలి కావలసినంత ఉంది. ఆనుడు కావలసినంత ఉంది. కానీ ఆ మెత్తటి సోఫా గతుకు గతుక్కీ పడవలాగా ఊగుతోంది, ఎదురుగా ఆమెకు కనబడేది నా వీపు ఒక్కటే, కింద పొగగొట్టం నుంచి పొగ నేరుగా ఆమె మొహంలోకి. ఆండిపట్టి కనుమలో మళ్లీ వాంతి. "అంతే, కడుపు ఖాళీ అయిపోయింది, ఇక రాదు" అని నేను ధైర్యం చెప్పాను. వచ్చింది.

తేని చేరేసరికి ఆమెకు నిలబడే ఓపిక లేదు. సోడా తాగి, కొత్త చీర చెంగుతో మూతి తుడుచుకొని, "మామా, నా వల్ల కాదు. ఇంటికి పోదాం" అంది. కొండలు ఎదురుగా కనబడుతున్నాయి. వాటి వైపు చూడకుండా అంది ఆ మాట. నాకు కోపం వచ్చింది. ఆమె మీదా, బండి మీదా, వాంతి మీదా, నా మీద తప్ప అందరి మీదా.

కోపంలో బండి తిప్పబోయి సందులోకి దూర్చాను. ఎదురుగా ఏలకుల మూటలు దించుతున్న లారీ. బండికి రివర్సు లేదు. ఎవరో ఒకరు నెట్టాలి. ఇద్దరు హమాలీలు వచ్చారు, చాలలేదు. అప్పుడు రుక్కు సోడా సీసా పక్కన పెట్టి వచ్చి, డిస్కు జరిగిన ఆ నడుముతో, రెండు చేతులూ ఆనించి నెట్టింది. నేను దిగలేదు. హ్యాండిల్ పట్టుకోవాలి కదా, ఎట్లా దిగుతాను? రాజాలాగా కూర్చొని, "ఇంకా గట్టిగా, ఎడమ పక్క!" అని అరుస్తున్నాను. ఒక హమాలీ చెమట తుడుచుకుంటూ తమిళంలో అన్నాడు, "అణ్ణా, అక్కను కూర్చోబెట్టి మీరు నెట్టండి, బండి తేలికవుతుంది."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. రుక్కు నవ్వలేదు. ఆమెను బోడి నుంచి వచ్చే రైలు ఎక్కించి, ఖాళీ సోఫాతో నేను ఇల్లు చేరాను. ఆ బండిని తరవాత ఒట్టన్‌చత్రం టమాటా వ్యాపారి ఒకడు నేను కొన్న ధరలో మూడో వంతుకు తీసుకుపోయాడు. సోఫా పీకేసి రేకు తొట్టి బిగించాడట. టమాటాలకు వాంతులు రావు కాబట్టి బాగానే నడుస్తోందని విన్నాను.

కథ ఇక్కడితో అయిపోయుంటే నేను ఏదోలాగా బతికేసేవాణ్ని. కానీ మరుసటి ఏడు మా వీధి ఆడవాళ్లు వ్యాన్ మాట్లాడుకొని మూణారు బయలుదేరారు. రుక్కు కూడా పోతానంది.

"వ్యాన్లోనా? చస్తావు! తేని దాటలేవు" అన్నాను.

"చూస్తా మామా" అని పోయింది.

రెండు రోజులు నేను ఫోన్ పక్కనే కూర్చున్నాను, ఏ ఆస్పత్రి నుంచి పిలుపొస్తుందో అని. రాలేదు. మూడోనాడు రుక్కు దిగింది. స్వెటర్ వేసుకొనే దిగింది, మా ఊరి ఎండలో. మొహం కడిగిన ముత్యంలా ఉంది. సంచీ నిండా టీ పొడి.

"వాంతి రాలేదా?"

"రాలేదు."

"మాత్ర వేసుకున్నావా?"

"లేదు మామా. ముందు సీట్లో కూచున్నా, డ్రైవర్ పక్కన. దారి కనబడతా ఉంటే నాకు ఏమీ కాదు."

నేను పంచ సర్దుకొని, చాలా గట్టిగా అడిగాను. "ఈ సంగతి నాకు చెప్పకూడదా? ఇన్నేళ్లు, ఇంత డబ్బు! ఒక్కమాట చెప్పుంటే!"

ఆమె టీ పొడి పొట్లాలు బయటికి తీస్తూనే ఉంది. "చెప్పినా మామా. పెళ్లయిన కొత్తలోనే చెప్పినా. చిన్నాయన కారులో పళనికి పోతా, 'ముందు కూచుంటే నాకు బాగుంటాది' అంటి. 'ఆడది ముందు కూచుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు, వెనక్కి పో' అని మీరే అంటిరి. అప్పురం ఇంకెప్పుడూ నేను అడగలా."

ఆ మాట నాకు గుర్తు లేదు. అదే ఎక్కువ నొప్పి. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని చావులకు, ఎన్ని కార్లలో ముందు సీట్లో కూర్చొని, వెనక వాంతి చేసుకుంటున్న మనిషిని "కొంచెం ఓర్చుకో" అని కసిరానో! ఆఖరికి ఆమె కోసమని ప్రత్యేకంగా బండి కొని, దానికీ ముందు నేనే కూర్చున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మా ఇలవేల్పు సాక్షిగా, పోయిన మిరపకాయల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా ప్రాణం ఉన్నంతవరకు రెండు చక్రాలదైనా, మూడు చక్రాలదైనా, పదహారు చక్రాలదైనా, ఏ బండిలోనూ ముందు సీటు ఎక్కను. ముందు సీటు రుక్కుది. వెనక నాకు వాంతి వస్తే రానీ. మొన్న కొడైక్కానల్ దారి పొడవునా వచ్చింది. రుక్కు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, కొండలు చూస్తోంది.