భూతద్దంలో నా నోరు

మాది ప్రొద్దుటూరు. కిరాణా అంగట్లో పుట్టి పెరిగినదాన్ని, కొత్తిమీర కట్టకైనా బేరమాడకపోతే నాకు అన్నం అరగదు. అలాంటి నా నోరు నిరుడు మూతపడింది. రొమ్ము క్యాన్సరుకు కీమో సూదులు వేయించుకుంటుండగా నాలుక మీద, బుగ్గల లోపల మీగడలా తెల్లటి పొర కట్టింది. మాట్లాడితే మంట, మింగితే మంట.

తర్వాతి సూదికి కడప బయలుదేరుతుండగా మా పెదనాయన పరామర్శకు వచ్చాడు. ఆయనకు బంగారం అంగడి ఉంది కాబట్టి లోకంలో అన్నీ తెలుసు. నగలు చూసే భూతద్దం జేబులోంచి తీసి నా నోట్లోకి చూశాడు.

“ఇంగ లాభం లేదు అల్లుడా. క్యాన్సరు నోట్లోకి దిగింది. ఆ సూదులు చాలిచ్చి ఇంట్లో పెట్టుకో” అని నా ఎదుటే తీర్పు చెప్పాడు. కాలేజీలో లెక్కలు చెప్పే మా ఆయన బుద్ధిగా తలూపి, ప్రయాణం సంచి లోపల పెట్టేశాడు.

మండే నోటితో వాదించలేను. అంగట్లో ధర తెగనప్పుడు చేసే పనే చేశాను. చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచాను. వెనక్కి పిలుస్తారని వెళ్లినట్టు నటించడం నాకు అలవాటే, నిజంగా వెళ్లిపోవడం అదే మొదటిసారి.

“యాడికి పోతాండావే, నిలబడు” అంటూ మా ఆయన సంచితో వెంటపడ్డాడు.

కడపలో డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. “ఇది క్యాన్సర్ కాదమ్మా, ఫంగస్. కీమో వల్ల రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు వస్తుంది. మందు వాడితే పోతుంది” అంది.

పొర విడిపోతున్న రోజుల్లో పెదనాయన మళ్లీ వచ్చాడు. “ఇది చిన్నదేనని నేను అప్పుడే అనుకుంటి” అన్నాడు.

ఆ ముఖాన ఉమ్మాలనిపించింది. కానీ నోట్లో మందు ఉంది, కాసేపు పుక్కిలించి మింగమని డాక్టరమ్మ చెప్పింది. ఇలాంటి మనిషి మీద మంచి మందు వృథా చేయడమెందుకని మింగేశాను.